జాబితాలో లేని ఐదో అంశం

మొన్న చికాగో పక్కన అరోరాలో గుడి క్యాంటీన్‌లో కూర్చుని పులిహోర తింటుంటే హారిక వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుంది. వరంగల్ అమ్మాయి, చికాగోలో మాస్టర్స్ చేస్తోంది. రైల్వే సిగ్నల్ సామాన్లు తయారుచేసే ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికిందట. ఇంగ్లీషు బాగా రాస్తుందని ఇంజనీరింగ్ మాన్పించి ప్రభుత్వ వ్యవహారాలు చూసే విభాగంలో కూర్చోబెట్టారట.

"అంకుల్, మీరు రైల్‌రోడ్ సప్లై ఫీల్డ్‌ల చాన ఏండ్లు చేసిన్రంట కదా. మా ఆఫీస్‌ల ఒక పేజీ ఇచ్చిన్రు, కాంగ్రెస్‌ను అడగాల్సిన ప్రయారిటీస్ అని. నాలుగే పాయింట్లున్నయ్. ఆ లిస్టు అసలు ఎవరు రాస్తరు?"

"మేమే రాసేవాళ్లం" అన్నాను.

"ఏది ఉంచాలె, ఏది తీసెయ్యాలె అని ఎట్ల డిసైడ్ చేస్తరు?"

కాఫీ తెచ్చుకుంటానని లేచాను. మళ్లీ ఆ టేబుల్ దగ్గరికి వెళ్లలేదు. ఆ పిల్ల ఏమనుకుందో తెలియదు. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పనికొస్తే పనికొస్తుంది. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు, ఒక్కటి తప్ప. అదెందుకు చెప్పాల్సి వచ్చిందో మీకే తెలుస్తుంది.

దిమ్మ

రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట చిన్న సందు ఉంటుంది. చక్రం ఆ సందు మీంచి దూకాలి. వచ్చిన ప్రతి చక్రమూ అక్కడ ఒక దెబ్బ కొట్టి పోతుంది. ఆ దెబ్బలు తినడానికి మాంగనీసు ఉక్కుతో పోసిన దిమ్మను బిగిస్తారు. రైల్వేవాళ్లు దాన్ని ఫ్రాగ్ అంటారు. అరోరాకు పడమటగా, నది దాటాక ఉన్న మా ఫౌండ్రీలో మేం పోసేవి అవే.

నేను మెటలర్జిస్టుని. అంతకుముందు మిషిగన్‌లో ట్రాయ్ దగ్గర కార్ల విడిభాగాలు పోసే కంపెనీలో పనిచేసి, 2001లో ఇక్కడికి వచ్చాను. ఫౌండ్రీలో ఫోర్‌మన్ పేరు వాల్ట్. హైస్కూల్ అయిన వారానికే అక్కడ చేరాడట. పొడుగాటి మనిషి, మాట తక్కువ. వెనక జేబులో ఎప్పుడూ ఒక చిన్న సుత్తి ఉండేది. ఏ దిమ్మనైనా లారీ ఎక్కించే ముందు ఆ సుత్తితో మూడు చోట్ల కొట్టి, తలవంచి వినేవాడు. మాంగనీసు ఉక్కు రేణువులు ముతకగా ఉంటాయి, అల్ట్రాసౌండ్ పరీక్షకు సరిగ్గా లొంగవు. అందుకని వాల్ట్ చెవి మా ఫౌండ్రీలో ఒక పరికరం కింద లెక్క.

నేను చేరిన మొదటి వేసవిలో ఒక తప్పు చేశాను. పోసిన దిమ్మను కొలిమిలో ఎర్రగా కాల్చి, వెంటనే చల్లటి నీళ్ల తొట్టిలో ముంచాలి. నీళ్లు వెచ్చబడితే లోపల పెళుసుదనం మిగిలిపోతుంది, పైకి మాత్రం నిగనిగలాడుతుంది. ఆ రోజు పంపు సగం చచ్చి ఉంది. మేం ముంచిన వాటిలో ఒక దిమ్మను వాల్ట్ సుత్తితో కొట్టి తల అడ్డంగా ఊపాడు.

"దీన్ని పంపొద్దు రామ్" అన్నాడు. నా పేరులో మొదటి సగమే అతనికి పలికేది.

నేను చార్టులు చూపించాను. కొలిమి ఉష్ణోగ్రత సరిగ్గా ఉంది, రసాయన పరీక్ష సరిగ్గా ఉంది. తొట్టి నీళ్ల ఉష్ణోగ్రత రాయడానికి ఆ ఫారంలో గడే లేదు. సంతకం పెట్టి పంపించాను.

నాలుగు నెలలకు ఒక గూడ్స్ యార్డులో అది పగిలింది. నిదానంగా పోయే బండి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. రైల్వేవాళ్లు వచ్చి గదిలో కూర్చుని, దీన్ని ఎవరు పాస్ చేశారని అడిగారు. వాల్ట్ నావైపు చూడను కూడా చూడలేదు.

"మేం పాస్ చేశాం. తొట్టి నీళ్లు వెచ్చగా ఉన్నాయి. మేం చూసుకోవాల్సింది" అన్నాడు.

మేం అన్నాడు. ఆ మాటతో నా ఉద్యోగం నిలబడింది. తర్వాత దాని గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు. మర్నాడు ఫారంలో తొట్టి నీళ్లకు నేనే ఒక గడి గీశాను. పనిలో నాకు గురువు అంటూ ఎవరైనా ఉంటే అతనే.

ఆ ఒక్క పేజీ

ఇక్కడ పట్టాలకూ వంతెనలకూ ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ డబ్బు రావాలంటే కొన్నేళ్లకోసారి ఒక పెద్ద చట్టం రావాలి. 2005లో వచ్చిన చట్టం గడువు 2009లో తీరింది. కొత్తది రాలేదు. పాతదాన్నే మూడు నెలలు, ఆరు నెలలు పొడిగిస్తూ పోయారు. నగరాల్లో మెట్రో రైళ్లు నడిపే ట్రాన్సిట్ సంస్థలు కొత్త ట్రాక్ పనులు ఆపేశాయి. మూడు నెలల పొడిగింపును నమ్ముకుని ఇరవై ఏళ్లు మన్నే దిమ్మను ఎవడూ కొనడు. మా కొలిమి వారంలో రెండు రోజులు చల్లగా ఉండటం మొదలైంది.

రైల్వేలకు సామాన్లు చేసే కంపెనీలన్నిటికీ కలిపి ఒక సంఘం ఉంది. ఏటా వసంతంలో వాళ్లంతా వాషింగ్టన్ వెళ్లి, రాష్ట్రాలవారీగా గుంపులు కట్టి, ఇక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌లో సభ్యుల ఆఫీసులన్నీ తిరుగుతారు. తిరిగినచోటల్లా ఒక పేజీ వదిలి వస్తారు. మా ప్రాధాన్యాలు ఇవీ అని దాని మీద అచ్చు వేసి ఉంటుంది. ఆ పేజీ రాసే కమిటీకి నన్ను కార్యదర్శిని చేశారు. కమిటీలో లాయర్లు ఉన్నారు, సేల్స్‌వాళ్లు ఉన్నారు. చిన్న వాక్యాలు రాయగలవాణ్ని నేనొక్కణ్నే అని అధ్యక్షుడు అనేవాడు.

ఆ కమిటీకి ఒక ఆనవాయితీ ఉంది. ముసాయిదాను సభ్య కంపెనీలన్నిటికీ పంపిస్తారు. ఏ అంశానికైనా ఒక్క కంపెనీ అభ్యంతరం చెప్పినా ఆ అంశం పోతుంది. ఓట్లు లేవు, వాదన లేదు. అభ్యంతరం చెప్పినవాళ్ల పేరు కార్యదర్శికి తప్ప ఎవరికీ తెలియకూడదు. రేపు ఒకరికొకరు సరుకు అమ్ముకోవాల్సినవాళ్లు కదా, మొహమాటం లేకుండా ఉండాలని ఆ పద్ధతి. దాని ఫలితం ఏమిటంటే, ఎవరికీ నొప్పి కలిగించని కోరికలే ఆ పేజీలో మిగులుతాయి. హారికా, మీ ఆఫీసులో నాలుగు పాయింట్లు ఎలా తేలాయో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. అవి అన్నిటికన్నా ముఖ్యమైనవని అనుకోకు. ఎవరూ కాదనలేదు, అంతే.

ఆ ఏడు ముసాయిదాలో ఐదు అంశాలున్నాయి. మొదటి నాలుగూ ఎప్పుడూ ఉండేవే. దీర్ఘకాలిక చట్టం కావాలి, చిన్న రైల్వేలకు పన్ను రాయితీ కొనసాగాలి, రైల్వే గేట్ల దగ్గర భద్రతకు నిధులు కావాలి, కొత్త సిగ్నల్ వ్యవస్థకు గడువు పెంచాలి. ఐదోది మాది, అంటే నేనూ వాల్టూ కలిసి రాసింది. ఫెడరల్ డబ్బుతో వేసే ట్రాక్‌లో దేశవాళీ పోత దిమ్మలే వాడాలని నియమం ఉన్నా, దొరకడం లేదని చెప్పి ట్రాన్సిట్ సంస్థలు మినహాయింపు తీసుకోవచ్చు. ఆ మినహాయింపు ఇచ్చేముందు బహిరంగంగా ప్రకటించి, ఇక్కడి ఫౌండ్రీలను ఒక్కసారి అడగండి అన్నది మా కోరిక. ఒకే ఒక వాక్యం. ఇంజనీరు పెట్టుకోదగ్గ కోరికే అనుకున్నాను.

వాల్ట్ మధ్యాహ్నం అన్నం గదిలో కూర్చుని ఆ వాక్యాన్ని పెన్సిల్‌తో మూడుసార్లు దిద్దాడు. "అడగండి చాలు. మా దగ్గర ఉందని మేం చెప్పుకుంటాం" అన్నాడు.

శేషగిరి గారింట్లో పెసరట్లు

ఆ ముందటి ఏడాదే మా ఫౌండ్రీని ఒక పెద్ద గ్రూపు కొన్నది. ఆ గ్రూపులో కొనుగోళ్లన్నీ చూసేది శేషగిరి గారు. తెనాలివైపు మనిషి. ట్రాయ్‌లో నా మొదటి ఉద్యోగంలో ఆయనే బాసు. నా గ్రీన్ కార్డు కాగితాలు లాయరు దగ్గర మూలుగుతుంటే, స్వయంగా వెళ్లి కూర్చుని కదిలించింది ఆయనే. మా ఆవిడ శారద పురుడు పోసుకున్నప్పుడు ఆయన భార్య వారం రోజులు మా అపార్ట్‌మెంట్‌కి క్యారియర్ పంపింది. వీటిలో ఏదీ ఆయన ఎప్పుడూ గుర్తుచేయలేదు. గుర్తుచేయాల్సిన అవసరం లేదని మా ఇద్దరికీ తెలుసు.

ముసాయిదా కంపెనీలకు వెళ్లిన వారానికి ఫోన్ చేసి, శనివారం టిఫిన్‌కి రమ్మన్నారు. తెల్లవారుజామునే బయల్దేరి ఐదు గంటలు డ్రైవ్ చేసుకుని ట్రాయ్ వెళ్లాను. పెసరట్టూ ఉప్మా పెట్టారు. మాటల్లో పిల్లల చదువులయ్యాయి, మోకాళ్ల నొప్పులయ్యాయి. అప్పుడు ప్లేటు పక్కన పెట్టి అన్నారు.

"చూడవోయ్ మూర్తీ, ఆ ఐదో పాయింటు ఉందే, అది ఉండకూడదు."

"అది మన ఫౌండ్రీ కోసమేనండీ."

"మన ఫౌండ్రీ ఒక్కటేనా మనకి? బయట దేశంలో మనకింకో ప్లాంట్ ఉంది. ఇక్కడ మినహాయింపు దొరికినచోటల్లా అక్కడి సరుకు వెళ్తుంది. నువ్వేమో ముందు అందర్నీ అడగమంటున్నావ్. మన కాలికి మనమే అడ్డం పడటం కాదూ అది?"

"అయితే మీరు అబ్జెక్షన్ పంపండి. పద్ధతి ఉంది కదా."

"నేను పంపితే గ్రూపు పంపినట్టు. ఎక్కడో అక్కడ బయటికొస్తుంది, యూనియన్‌వాళ్లు పట్టుకుంటారు. ఫౌండ్రీ పేరుతో వెళ్తే ఎవడికీ అనుమానం రాదు. ఫౌండ్రీ తరఫున సంతకం నీదే కదా. నువ్వే పంపు, నువ్వే అందుకో. కథ అక్కడితో సరి."

ఆయన లేచి నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఫౌండ్రీ మూసెయ్యం. నేనున్నన్నాళ్లూ మూయనివ్వను. నా మాట నమ్మవూ?"

నమ్మాను. ఇప్పటికీ నేనంటాను, ఆయన ఆ మాట మోసంతో అనలేదు. నమ్మడం నాకు సులువుగా ఉంది కాబట్టి నేను నమ్మాను. తేడా అల్లా అదే. మంచి బాసుల గురించి నేను చెప్పగలిగేది ఒకటుంది. చెడ్డ బాసుకు కాదని చెప్పడం కష్టం కాదు. మీకు మేలు చేసినవాడు, మీ ఇంటి మనిషిలాంటివాడు, చేతిలో ప్లేటు పెట్టి అడిగినప్పుడు మీరేం చేస్తారన్నదే అసలు పరీక్ష. నేను ఆ పరీక్షలో తప్పాను.

సోమవారం ఆఫీసులో కూర్చుని నాకు నేనే ఒక ఈమెయిల్ పంపుకున్నాను. అది అందినట్టు నేనే జవాబు ఇచ్చుకున్నాను. కమిటీ ఫోన్ మీటింగ్‌లో, "ఐదో అంశానికి ఒక సభ్య కంపెనీ నుంచి అభ్యంతరం వచ్చింది" అని చదివాను. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడమే అక్కడి మర్యాద. నిమిషంలో తర్వాతి విషయానికి వెళ్లిపోయారు.

వాషింగ్టన్‌లో వాల్ట్

ప్రతి గుంపూ తమతో షాప్ ఫ్లోర్ మీద పనిచేసే మనిషిని ఒకరిని తీసుకెళ్లాలి. ఆ ఆఫీసుల్లో పనిచేసే కుర్రవాళ్లకు సూటు వేసుకున్నవాళ్ల మాట కన్నా చేతులు కాయలు కాచినవాడి మాట ఎక్కుతుంది. మా తరఫున వాల్ట్ పేరు నెలల క్రితమే ఇచ్చేశాం. దానికోసం అతను కొత్త సూటు కొనుక్కున్నాడు. విమానాశ్రయంలో సుత్తి తీసేసుకుంటారని ముందే చెప్పాను, అయినా తెచ్చాడు, వాళ్లు తీసేసుకున్నారు. ఆ రోజంతా అతని చెయ్యి వెనక జేబు దగ్గరికి వెళ్లి వస్తూనే ఉంది.

పేజీ నుంచి మన అంశం పోయిందని అతనికి ముందే చెప్పాల్సింది. ప్రతిరోజూ రేపు చెబుదామనుకున్నాను. విమానంలో చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

మొదటి ఆఫీసులో ఒక అమ్మాయి, పాతికేళ్లు ఉంటాయేమో, నోట్‌బుక్ తెరిచి మర్యాదగా అడిగింది. "మీరు ప్రత్యేకంగా ఏం కోరుకుంటున్నారు?"

వాల్ట్ తన చేతిలో పేజీని పైనుంచి కిందకు చూశాడు. తిప్పి వెనకవైపు చూశాడు. వెనక ఖాళీగా ఉంది. మళ్లీ ముందుకు తిప్పాడు. నేను గోడ మీద ఉన్న జెండాను చూస్తూ కూర్చున్నాను. వాల్ట్ మొదటి అంశాన్ని చదివాడు. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. ఒక్క అక్షరం ఎక్కువ చెప్పలేదు. ఆ రోజు ఏడు ఆఫీసుల్లో అలాగే చదివాడు. ఐదోదాని గురించి అతను నోటితో చెప్పి ఉండవచ్చు, ఎవరూ ఆపేవాళ్లు కాదు. కానీ అందరం ఒప్పుకున్న కాగితాన్ని దాటి మాట్లాడటం అతని దృష్టిలో తప్పు.

కారిడార్‌లో నడుస్తూ అడిగాడు. "మనది ఏమైంది?"

"ఒక కంపెనీ అభ్యంతరం చెప్పింది. ఎవరో చెప్పడానికి నాకు వీల్లేదు వాల్ట్."

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. నా జీవితంలో అంతకన్నా పెద్ద అబద్ధం నేను ఆడలేదు.

అతను కొంచెం దూరం నడిచాక అన్నాడు. "సరేలే. ఎవరైనా గానీ, వాళ్లకీ కొలిమి ఉండి ఉంటుంది. వాళ్ల మనుషుల్ని చూసుకోవాలి కదా."

అక్కడే, ఆ చలవరాళ్ల మీద నిలబడి చెప్పేస్తే ఏమయ్యేది? ఉద్యోగం పోయేదేమో. అంతకుముందు నా ఉద్యోగం నిలబెట్టింది ఈ మనిషే. నేను మాత్రం వాచీ చూసి, తర్వాతి ఆఫీసుకు టైమవుతోందన్నాను.

చివరి పోత

ఏడాదిన్నర గడిచింది. పొడిగింపుల మీద పొడిగింపులు. ఒక నగరంలో మేం ఎదురుచూస్తున్న పెద్ద ఆర్డరు మినహాయింపు మీద బయటి సరుకుకు వెళ్లింది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అచ్చం అలాంటి దిమ్మలు మా యార్డులో వరసగా పేర్చి ఉన్నాయి. వెళ్లింది మా గ్రూపు సరుకే అని తర్వాత తెలిసింది.

శేషగిరి గారు ఫోన్ చేశారు.

"నా చేతుల్లో లేదయ్యా మూర్తీ. మూసెయ్యాలని బోర్డు నిర్ణయం తీసేసుకుంది. ఎంత చెప్పినా వినలేదు."

"మీరు మాట ఇచ్చారు."

"ఇచ్చాను. కాదనను" అన్నారు.

చివరి పోత రోజున వాల్ట్ ఎప్పటిలాగే తొట్టి నీళ్లలో థర్మామీటరు పెట్టి, నేను గీసిన గడిలో అంకె వేశాడు. ఆ దిమ్మ ఎక్కడికీ వెళ్లదు, తుక్కులోకే వెళ్తుందని అతనికి తెలుసు. అయినా చల్లారాక మూడు చోట్ల కొట్టి విన్నాడు. "బాగుంది" అన్నాడు. మర్నాడు అచ్చులు తీసే చెక్క నమూనాలన్నిటినీ లారీల్లోకి విసిరేశారు. మా తర్వాత అక్కడ ఆ పని తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదు. కొత్త చట్టం వస్తే మళ్లీ తెరుస్తారని కొందరన్నారు గానీ, ఒకసారి చెదిరిన ఫౌండ్రీ మళ్లీ కూడుకోదు. ఆ చేతులు గోడౌన్లలో పెట్టెలు ఎత్తడానికి వెళ్లిపోతాయి. వాల్ట్ కూడా హైవే పక్కన ఒక గోడౌన్‌లో చేరాడు.

నన్ను టెక్సాస్‌లో గ్రూపువాళ్ల ఇర్వింగ్ ఆఫీసుకు మార్చి హోదా పెంచారు. పైన చెప్పిన ఒక్క ప్రమోషను అదే. బయటి ప్లాంటులో పోసిన దిమ్మల సర్టిఫికెట్లు చదివి సంతకం పెట్టడం పని. ఆ ఫారంలో తొట్టి నీళ్లకు గడి లేదు. పెట్టమని రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. రిటైరై అరోరాకు తిరిగొచ్చేదాకా సంతకాలు పెడుతూనే ఉన్నాను.

ఆ ఒక్క వాక్యం పేజీలో ఉంటే ఫౌండ్రీ బతికేదా? బహుశా బతికేది కాదు. ఆ పేజీలను ఆఫీసుల్లో ఎంతమంది చదివారో, ఎంతమంది చెత్తబుట్టలో వేశారో నాకు తెలుసు. శారద కూడా అదే అంటుంది, "మీ ఒక్కరి వల్ల ఏమీ కాలేదండీ" అని. ఆ ఓదార్పు నాకు ఎక్కదు. బతికేదో లేదో తెలుసుకునే అవకాశాన్ని నేను తీసేశాను. దిమ్మను కొట్టి వినకుండా లారీ ఎక్కించడం లాంటిదే అది. ఆ తప్పు నేను రెండుసార్లు చేశాను. రెండోసారి తెలిసి చేశాను.

ఫోన్

2015 డిసెంబర్‌లో ఎట్టకేలకు దీర్ఘకాలిక చట్టం వచ్చింది. సంతకాలైన సాయంత్రం ఫోన్ మోగింది. వాల్ట్.

"రామ్, వార్తలు చూశావా? మన బిల్లు పాసైంది. ఐదేళ్లకట."

"చూశాను."

"ఆ పేజీ ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది. మొదటి అంశం వచ్చేసినట్టే కదా. దానికి టిక్ పెట్టాను." వెనకాల గోడౌన్‌లో బండ్లు బీప్ బీప్‌మంటున్నాయి. విరామంలో ఉన్నట్టున్నాడు. "ఆ రోజు ఏడు ఆఫీసులు తిరిగాం, గుర్తుందా? అందులో మన వంతు కూడా కాస్త ఉందిలే. నీకు చెప్పాలనిపించింది. నువ్వు మాకోసం చాలా ప్రయత్నం చేశావు."

ఇప్పుడైనా చెప్పవచ్చు. రిటైరయ్యాను, పోయేందుకు ఉద్యోగం లేదు. శేషగిరి గారు కూడా రిటైరై ఇంట్లో ఉన్నారు. నోరు తెరిచాను.

"థాంక్స్, వాల్ట్" అన్నాను.

హారికా, ఇదంతా ఇంగ్లీషులో రాసి ఉంటే మీ ఆఫీసులో వాళ్లు కూడా చదివేవాళ్లు కదా అని నువ్వు అడుగుతావు. నిజమే. కానీ వాల్ట్ కూడా చదివేవాడు.